కరోనా తర్వాత మన వీధిలో నడిచేవాళ్ళు పెరిగారా, తగ్గారా? బెంగళూరులో లెక్క తీయడం ఎలా?

ప్రశ్న: బ్రూక్‌ఫీల్డ్ బాటసారి

అందరికీ నమస్కారం. మాది కుందలహళ్ళి మెట్రో స్టేషన్‌కి 700 మీటర్ల దూరంలో ఉన్న లేఔట్. అసోసియేషన్ తరఫున బెంగళూరు ఈస్ట్ కార్పొరేషన్ ఇంజినీర్‌కి ఒక వినతిపత్రం ఇవ్వాలి. ఏం అడగాలన్న దగ్గరే పేచీ వచ్చింది. సగం మంది "కరోనా పుణ్యమా అని జనం నడక మరిగారు, పార్కులో వాకింగ్ ట్రాక్ వెడల్పు చేయమందాం" అంటున్నారు. మిగతా సగం "నడిచేవాళ్ళెక్కడున్నారు, స్టేషన్‌కి కూడా ఆటోలోనే పోతున్నారు, ముందు ఆ దారిలో ఫుట్‌పాత్ సంగతి చూడమనండి" అంటున్నారు. ఎవరి దగ్గరా అంకె లేదు. అన్నీ కాకిలెక్కలే.

అడగాల్సినవి మూడు. 2020, 2021 నాటి డేటా మన ఏరియాకి ఎక్కడైనా దొరుకుతుందా? ఇప్పుడు వీధిలో నడిచేవాళ్ళని లెక్కపెట్టాలంటే పద్ధతి ఏమిటి, ఎన్ని రోజులు, ఎంతమంది కావాలి? సభ్యుల ఫోన్లలో ఉన్న పాత స్టెప్స్ లెక్క తీసి కలిపితే పనికొస్తుందా?

---

స్క్రీన్‌లైన్:

మీ రెండు వర్గాలూ నిజమే చెప్తుండొచ్చు. వాళ్ళు చూస్తున్న నడకలు వేరు. పనికి, బస్సుకి, బడికి, కూరగాయలకి నడిచేది ఒకటి. గాలి పీల్చుకోడానికి, షుగరు తగ్గడానికి నడిచేది ఇంకొకటి. మొదటిది పని నడక అనుకుందాం, రెండోదానికి వాహ్యాళి అన్న మంచి మాట మనకి ఎటూ ఉంది. మహమ్మారి ఈ రెండింటినీ చెరో వైపుకి లాగింది. రెండూ కలిపి ఒకే అంకె చెప్తే ఆ అంకెకి అర్థం ఉండదు.

అమెరికాలో పది మహానగర ప్రాంతాల్లో 16.2 లక్షల ఫోన్ల నుంచి పేర్లు లేని కదలికల డేటా తీసుకుని, 2020 ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ చివరి దాకా జరిగిన నడకలని ఇలాగే రెండుగా విడదీసి చూశారు. 2021లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది. పని నడక దారుణంగా పడిపోయింది. వాహ్యాళి మాత్రం మొదట పడినా, జూన్‌కల్లా తేరుకుని పాత స్థాయిని దాటింది. దెబ్బ ఎక్కువ తగిలింది తక్కువ ఆదాయం ఉన్న పేటలకి, బస్సులూ రైళ్ళూ ఎక్కువ వాడే పేటలకి.

బెంగళూరులో తేదీలు చూస్తే కారణం తెలుస్తుంది. మెట్రో 2020 మార్చి 22న ఆగి సెప్టెంబరు 7న మళ్ళీ మొదలైంది. సిటీ బస్సులు మే 19న తిరిగొచ్చాయి, కానీ మొదట్లో టికెట్ ఇవ్వలేదు, పాసే కొనాలి. అప్పట్లో రోజు పాసు 70 రూపాయలు. రెండు స్టాపుల దూరానికి 70 ఎవరు పెడతారు? అంటే ల్యాప్‌టాప్ ఉద్యోగికి పని నడక సున్నా అయిన రోజుల్లోనే, బస్సు మీద బతికే మనిషికి అది రెండింతలయ్యే పరిస్థితి. ఆ మే నెలలోనే పార్కులు ఉదయం 7 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 7 మాత్రమే తెరిచారు. రోజంతా చెదిరి ఉండే వాహ్యాళిని నాలుగు గంటల్లో కుక్కేశారన్నమాట. "అబ్బో, జనం ఎంత నడుస్తున్నారో" అనిపించడానికి ఆ ఇరుకు కూడా ఒక కారణం.

ఇక డేటా. గూగుల్ కమ్యూనిటీ మొబిలిటీ రిపోర్టుల్లో బెంగళూరు అర్బన్ జిల్లాకి రోజువారీ అంకెలున్నాయి. 2022 అక్టోబరు 15 తర్వాత కొత్తవి వేయడం ఆపేశారు. పాత ఫైళ్ళు వాడేముందు ఈ సంగతులు గుర్తుంచుకోండి.

అది నడకని కొలవదు. లొకేషన్ హిస్టరీ ఆన్‌లో ఉన్న ఫోన్లు పార్కులు, కిరాణా, ఆఫీసులు, స్టేషన్ల లాంటి చోట్లకి ఎంత వెళ్ళాయో, మామూలుతో పోలిస్తే ఎంత శాతం తేడా వచ్చిందో చెప్తుంది. పార్కుకి కారులో వెళ్ళినా పార్కు సందర్శనే. ఇళ్ళకి సంబంధించిన గీత ఒక్కటే వేరు, అది గడిపిన సమయం లెక్క. దాన్ని మిగతావాటి పక్కన పెట్టి పోల్చకూడదు.

"మామూలు" అన్నది 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 దాకా, వారంలో ఆ రోజుకి వచ్చిన మధ్యస్థం, అంటే అంకెలని వరుసలో పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది. బెంగళూరులో అది చలికాలం, లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన నడిచే కాలం, పార్కులకి ఏడాదిలోకెల్లా గిరాకీ ఉండే రోజులు. ఋతువు తేడాని గూగుల్ సరిచేయలేదు. కాబట్టి మండే ఏప్రిల్‌లో పార్కుల గీత కిందికి దిగితే అందులో ఎండ వాటా ఎంతో, భయం వాటా ఎంతో విడదీయలేరు. 2021 ఏప్రిల్‌ని 2022 ఏప్రిల్‌తో పోల్చండి, జనవరితో వద్దు.

ఆపిల్ కూడా "వాకింగ్" అని ఒక గీత ఇచ్చేది, 2022 ఏప్రిల్ దాకా. 2020 జనవరి 13ని 100గా పెట్టుకుని, మ్యాప్స్‌లో నడక దారి అడిగిన సార్లని లెక్కించింది. రోజూ వెళ్ళే వీధికి దారి ఎవరడుగుతారండి? మీ పనికి అది దండగ.

జిల్లా అంకె మీ 700 మీటర్ల గురించి ఏమీ చెప్పదు. వినతిపత్రంలో ఒక వాక్యం వరకు వాడుకోండి. అసలు బలం మీరు నిలబడి లెక్కపెట్టిన దాంట్లోనే ఉంటుంది.

---

నాపరాయి:

లెక్కపెట్టే పద్ధతి నేను చెప్తాను. ముందు చోటు. మూడు కావాలి: స్టేషన్‌కి వెళ్ళే ఫుట్‌పాత్ మీద ఒకటి, పార్కు గేటు దగ్గర ఒకటి, లేఔట్ లోపలి రోడ్డు మీద ఒకటి. ప్రతిచోటా రోడ్డుకి అడ్డంగా ఒక ఊహాగీత అనుకోవాలి, ఈ స్తంభం నుంచి ఎదుటి గేటు దాకా అన్నట్టు. ఆ గీత దాటినవాళ్ళే లెక్క. ఫుట్‌పాత్ మీద నడిచినా, తారు రోడ్డు మీద నడిచినా గీత దాటితే లెక్కే, కానీ రెండు వేర్వేరు గడుల్లో వేయాలి. ఇది మర్చిపోకండి, ఫుట్‌పాత్ వదిలి రోడ్డెక్కినవాళ్ళ శాతమే ఇంజినీర్ ముందు మీ అసలు అస్త్రం.

మనిషికి పదిహేను నిమిషాల గడులున్న ఒక కాగితం, ఒక అట్ట, రెండు కౌంటర్లు. పూజాసామాను కొట్లో జపానికి అమ్ముతారు చూడండి, వేలికి ఉంగరంలా తొడుక్కునే కౌంటర్, అది చాలు. కుడిచేతిది స్టేషన్ వైపు, ఎడమచేతిది ఇంటి వైపు. దాని పక్కన చిన్న రీసెట్ బొత్తం ఉంటుంది, పొరపాటున తగిలితే గంట కష్టం గాలికి పోతుంది. అందుకే పదిహేను నిమిషాలకోసారి అంకె కాగితం మీద ఎక్కించి సున్నా చేసుకోవాలి. చోటుకి ఇద్దరుండాలి, ఒకరు లెక్కకి, ఒకరు అడగడానికి. గంటన్నర దాటితే చూపు చెదురుతుంది, మనిషిని మార్చండి.

రోజులు: మంగళ, బుధ, గురువారాల్లో రెండు, ఒక శనివారం, ఒక ఆదివారం. ఉదయం 6 నుంచి 9:30, సాయంత్రం 5 నుంచి 8:30. సోమ, శుక్రవారాలు ఐటీ కారిడార్‌లో నమ్మదగినవి కావు, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఎక్కువగా ఆ రోజుల్లోనే ఉంటారు. వినాయక చవితి, ఉగాది చుట్టుపక్కల వారాలు, పరీక్షల సెలవులు వదిలేయండి. వాన పడితే ఆపకండి, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి వెలిసిందో పక్కన రాసుకోండి.

ఒక్క పదిహేను నిమిషాలు లెక్కపెట్టి నాలుగుతో గుణించేసే అలవాటుంది కొందరికి. మెట్రో దగ్గర అది బొత్తిగా పనికిరాదు. రైలు దిగిన గుంపు మూడు నిమిషాల్లో గీత దాటేస్తుంది, తర్వాత మళ్ళీ ఖాళీ. పైగా చిన్న అంకెకి ఊగు ఎక్కువ. పదిహేను నిమిషాల్లో 25 మంది వచ్చారంటే అసలు సంఖ్య 15కీ 35కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మొత్తం 400 అయితే ఊగు 40, అంటే పదో వంతు. అందుకని గంటల మొత్తాలే చెప్పండి.

ఇప్పుడు చిక్కు: పని నడకా, వాహ్యాళా? చూసి చెప్పగలం అనుకుంటారు. మెడలో ఐడీ కార్డు, భుజానికి బ్యాగు ఉంటే పని. పట్టీ పట్టుకుని కుక్క వెనకాల నడుస్తుంటే వాహ్యాళి. అక్కడిదాకా బాగానే ఉంటుంది. స్పోర్ట్స్ షూస్ వేసుకుని చేతిలో తోటకూర కట్టతో వచ్చే పెద్దాయన ఏ గడిలోకి? రెండూ అని మూడో గడి పెట్టుకోవాలి. చెప్పులతో వేగంగా నడిచే ఆవిడ నాలుగిళ్ళలో పనికి వెళ్తుండొచ్చు, డాక్టర్ చెప్పాడని నడుస్తుండొచ్చు. చూపుతో తేల్చినది తప్పడానికి అవకాశం ఎక్కువ, తప్పినప్పుడు పని నడకే లెక్కలోంచి జారుతుంది.

అందుకే ప్రతి అయిదో మనిషిని ఆపి అడగండి. మనవాళ్ళని "ఎక్కడికండీ" అని మాత్రం అడక్కండి, బయల్దేరేవాళ్ళకి ఆ మాట గిట్టదు, మొహం చిట్లించుకుని వెళ్ళిపోతారు. "వాకింగా, పని మీదా?" అంటే చాలు. కన్నడంలో "వాకింగా, కెలసక్కా?" నడుస్తూనే జవాబు చెప్పేస్తారు. ఇలా 100 జవాబులు వస్తే శాతం పది అటూ ఇటూగా నమ్మొచ్చు, 400 వస్తే అయిదు అటూ ఇటూ. పేరు, ఫ్లాట్ నంబరు, ఫొటో ఏవీ తీసుకోవద్దు.

లెక్కలోకి రానివాళ్ళు: చంకలో పిల్లలు, బండి పక్కనే ఆపి పార్సిల్ ఇవ్వడానికి పది అడుగులేసే డెలివరీ కుర్రాళ్ళు. సైకిల్ దిగి నెట్టుకుంటూ వచ్చేవాళ్ళు లెక్కలోకి వస్తారు.

---

బ్రూక్‌ఫీల్డ్ బాటసారి:

చాలా ఉపయోగం, ధన్యవాదాలు. ఒక అనుమానం. పార్కులో ట్రాక్ గుండ్రంగా ఉంది, 300 మీటర్లు. ఒకే మనిషి పదిసార్లు తిరుగుతాడు. గేటు దగ్గర కాకుండా లోపల లెక్కపెడతామని మావాళ్ళ పట్టుదల. ఇంకొకటి, 2019తో పోలిక ఎలా చూపించాలి? అప్పటి లెక్క లేదు కదా.

---

నాపరాయి:

లోపల గీత పెట్టి లెక్కపెట్టారో, "నడక మరిగారు" అనేవాళ్ళకి కావలసిన అంకె వచ్చేస్తుంది. చూడండి. గంటకి 5 కిలోమీటర్ల నడక అంటే నిమిషానికి 83 మీటర్లు. 300 మీటర్ల చుట్టుకి 3.6 నిమిషాలు. పదిహేను నిమిషాల్లో ఒక్కొక్కరు నాలుగుసార్లు దాటతారు. తిరిగేది ఇరవైమందే అయినా మీ కౌంటర్ 83 చూపిస్తుంది. స్టేషన్ దారిలో మాత్రం 83 అంటే 83 మందే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఫుట్‌పాత్ అడిగేవాళ్ళకి అన్యాయం జరిగినట్టే.

గేటు ఒకటే అయితే లోపలికి వచ్చినవాళ్ళని లెక్కపెట్టండి. గేట్లు ఎక్కువుంటే, పదిహేను నిమిషాలకోసారి ఒకచోట నిలబడి ట్రాక్ మీద ఉన్న తలలు లెక్కపెట్టండి. ఎంతమంది వచ్చారో అది చెప్పదు, ఆ క్షణాన ఎంత రద్దీగా ఉందో చెప్తుంది. ట్రాక్ వెడల్పు అడగడానికి కావలసింది ఎటూ అదే.

2019 సంగతి కష్టం. నడుస్తున్నవాళ్ళని ఆపి "కరోనాకి ముందు నడిచేవారా" అని అడిగితే నడక పెరిగినట్టే వస్తుంది, ఎప్పుడడిగినా అంతే. మానేసినవాడు రోడ్డు మీద ఉండడు కదా, మీకు ఎలా దొరుకుతాడు? ఈ ప్రశ్న ఇంటి తలుపు దగ్గర అడగాలి. లేఔట్‌లో ప్రతి పదో ఇల్లు, ఇంట్లో పద్దెనిమిది దాటిన ప్రతి ఒక్కరికీ రెండే ప్రశ్నలు: 2019లో వారానికి ఎన్ని రోజులు ఎక్కడికి నడిచేవారు, ఇప్పుడెన్ని. రోజుల సంఖ్య గుర్తుండదు కాబట్టి పనిని బట్టి అడగండి: ఆఫీసు క్యాబ్ ఎక్కే చోటికి నడిచేవారా, బస్టాపుకి, పాలకి, గుడికి, పిల్లల బడికి? 2020 తర్వాత లేఔట్‌లో దిగినవాళ్ళని విడిగా పెట్టండి.

ఒక హెచ్చరిక. వచ్చిన తేడా అంతా కరోనా ఖాతాలో రాసేయకండి. మీ వైపు వైట్‌ఫీల్డ్ మెట్రో 2023 మార్చి 25న వచ్చింది, నగరం వైపు పాత లైనుతో బైయప్పనహళ్ళి దగ్గర కలిసింది అక్టోబరు 9న. ఆడవాళ్ళకి ఉచిత బస్సు 2023 జూన్ 11 నుంచి. అంతకుముందు, 2021 ఆగస్టులో, మెట్రో పనుల వల్ల అవుటర్ రింగ్ రోడ్డు ఐటీ కంపెనీలని 2022 డిసెంబరు దాకా ఇంటి నుంచే పనిచేయించమని ప్రభుత్వం సలహా ఇచ్చింది. ఆఫీసు నడక ఆలస్యంగా తిరిగిరావడంలో వైరస్ పాత్ర ఎంత, పిల్లర్ల పాత్ర ఎంత అంటే విడదీయడం మనవల్ల కాదు. వినతిపత్రంలో "కరోనా వల్ల" అనకుండా "2019 తర్వాత" అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

---

సెన్సార్ సుబ్బడు:

మూడో ప్రశ్నకి: ఫోన్ స్టెప్స్ కలపొచ్చు, కలిపితే మాత్రం తప్పుడు జవాబే వస్తుందని ముందే అనుకోండి.

ఫోన్ మనిషి నడకని కొలవదు, ఫోన్ నడకని కొలుస్తుంది. 2019లో ఆఫీసుకెళ్ళే మనిషి జేబులో పొద్దుటినుంచి రాత్రిదాకా ఫోన్ ఉండేది. ఇంటి నుంచి పని మొదలయ్యాక అదే ఫోన్ బల్ల మీద ఛార్జింగ్‌లో పడుంది, మనిషి వంటింటికీ బాల్కనీకీ తిరుగుతున్నాడు. పడిపోయిన అంకెలో కొంత నిజంగా తగ్గిన నడక, కొంత ఫోన్ పక్కన పెట్టడం. చీరల్లో, నైటీల్లో జేబు ఉండదు కాబట్టి ఆడవాళ్ళ లెక్కలో ఈ తప్పు ఇంకా ఎక్కువ.

రెండో గోతి, పరికరం మారడం. 2020 తర్వాత చాలామంది చేతికి బ్యాండో వాచీయో కట్టారు. చేయి రోజంతా మనతోనే ఉంటుంది కాబట్టి స్టెప్స్ ఒక్కసారిగా లేస్తాయి. గ్రాఫ్‌లో నిట్టనిలువుగా మెట్టు కనిపిస్తే ఆ తేదీన ఏం కొన్నారో అడగండి. ఫోనూ వాచీ రెండూ ఒకే యాప్‌లోకి పంపుతుంటే కొన్ని యాప్‌లు రెండూ కలిపేస్తాయి కూడా. సోర్స్ ఏదో చూసి ఒక్కదాన్నే ఉంచండి.

అయినా చేస్తానంటే ఇలా చేయండి. 2019 నుంచి ఒకే పరికరం వాడుతున్నవాళ్ళనే తీసుకోండి, ఎక్కువమంది ఉండరు. సగటు వద్దు, వారానికి మధ్యస్థం తీయండి. తిరుమల మెట్లెక్కిన ఒక్కరోజు సగటుని చెడగొడుతుంది, మధ్యస్థాన్ని కదపలేదు. 500 లోపు ఉన్న రోజులు తీసేయండి, అవి ఫోన్ ఇంట్లో మర్చిపోయిన రోజులు. దూరం గడి అసలు ముట్టుకోవద్దు. మేడ మీద, కారిడార్‌లో తిరిగినప్పుడు జీపీఎస్ తప్పుతుంది, అడుగు పొడవు ఊహించి దూరం వేస్తుంది. గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ మీద ఆశ పెట్టుకోకండి, అది సర్వర్ నుంచి ఫోన్‌లోకి మారినప్పుడు బ్యాకప్ పెట్టుకోనివాళ్ళ పాత దారులు పోయి ఉండొచ్చు.

ప్రపంచం మొత్తం మీద ఒక అంచనా కావాలంటే ఉంది. ఒక ఫోన్ యాప్ వాడే 187 దేశాల 4.55 లక్షల మంది స్టెప్స్ చూశారు, 2020లో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చింది. మార్చి 11న మహమ్మారి అని ప్రకటించాక పది రోజుల్లో సగటు 5.5 శాతం, ముప్ఫై రోజుల్లో 27.3 శాతం పడింది. ఇటలీలో అత్యధికంగా 48.7 శాతం దాకా పోయింది, స్వీడన్‌లో 6.9 దగ్గరే ఆగింది. ఆంక్షలు ఎంత గట్టిగా ఉంటే పతనం అంత లోతు. ఇవి స్మార్ట్‌ఫోన్‌లో ఆరోగ్యం యాప్ పెట్టుకునే మనుషుల అడుగులన్న సంగతి మర్చిపోవద్దు. మీ లేఔట్‌కి పొద్దున్నే నడిచొచ్చే పనివాళ్ళు అందులో ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

---

పానగల్ పార్కు బెంచీ:

చెన్నై నుంచి ఒక మాట, మీకు పోలికకి పనికొస్తుంది. ఇక్కడ ప్రభుత్వమే జనాన్ని నడిపించింది. 2020 జూన్ 19 నుంచి 30 దాకా చెన్నైలో, చుట్టుపక్కల జిల్లాల్లో గట్టి లాక్‌డౌన్ పెట్టినప్పుడు సరుకులకి బండి తీయకూడదు, రెండు కిలోమీటర్ల లోపు కొట్టుకి నడిచి వెళ్ళాలి అన్నారు. బెంగళూరులో కూడా 2021 మే 10 నుంచి ఉదయం 6 నుంచి 10 లోపు నడిచే వెళ్ళి తెచ్చుకోవాలని మొదట రూలు పెట్టి, తర్వాత సడలించారు. పని నడక అంతటా తగ్గిందనేది పూర్తిగా నిజం కాదని చెప్పడానికే ఇది. ఆఫీసు నడక పోయింది, కిరాణా నడక కొన్నాళ్ళు పెరిగింది.

వాహ్యాళి కథ ఇక్కడ తిరగబడింది. మెరీనా 2020 మార్చిలో మూతపడి డిసెంబరు 14న తెరిచారు. నగరానికి ఉన్న అతి పెద్ద నడక స్థలం దాదాపు తొమ్మిది నెలలు లేదు. ఆ నడక మేడల మీదికి, కాలనీ సందుల్లోకి పోయింది. సందులు వాహ్యాళికి బాగుంటాయని చాలామందికి అప్పుడే తెలిసింది, ఎందుకంటే వాటిల్లో బండ్లు లేవు. ఇక్కడి షాపింగ్ వీధి పాండీ బజార్‌లో వెడల్పు కాలిబాట 2019 నవంబరులో మొదలైంది, నాలుగు నెలలకే లాక్‌డౌన్. ఆ రోడ్డు మీద "ముందు, తర్వాత" అని ఎవరైనా లెక్క చూపిస్తే ఏది దేనివల్లో అడగండి.

బెంగళూరువాళ్ళకి చర్చ్ స్ట్రీట్ ఉండనే ఉంది. 2020 నవంబరు 7 నుంచి 2021 ఫిబ్రవరి చివరిదాకా శని, ఆదివారాల్లో బండ్లు ఆపి నడిచేవాళ్ళకే వదిలారు. మహమ్మారి మధ్యలో కూడా జనం వచ్చారు. కానీ అది వారాంతపు వాహ్యాళి, మీ 700 మీటర్లకి దాన్ని నమూనాగా చూపించకండి.

---

టేపు కొలత:

తల లెక్కలు చెప్పేశారు, నేను టేపు సంగతి చెప్తాను. ఇంజినీర్‌కి "చాలామంది నడుస్తున్నారు" అంటే తలూపి ఫైలు మూస్తాడు. "ఫలానా స్తంభం దగ్గర 0.9 మీటర్లే ఉంది, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల ప్రమాణం ఐఆర్‌సీ 103 ప్రకారం కనీసం 1.8 ఉండాలి" అంటే రాతపూర్వకంగా ఏదో ఒకటి జవాబివ్వక తప్పదు.

30 మీటర్ల టేపు, సుద్దముక్క, ఇద్దరు. స్టేషన్ మెట్ల నుంచి మొదలుపెట్టి ప్రతి 20 మీటర్లకి ఒక కొలత, 700 మీటర్లకి ముప్ఫై ఆరు వస్తాయి. కొలవాల్సింది గోడ నుంచి అంచు దాకా కాదు, అడ్డం లేని వెడల్పు. ట్రాన్స్‌ఫార్మర్ కంచె, చెట్టు తొట్టి, టీ కొట్టు బెంచీ, పైకి లేచిన డ్రైన్ మూత, అన్నీ తీసేశాక మిగిలింది. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కరు, రోడ్డు మీదే నడుస్తారు. తల పైన 2.2 మీటర్లు ఖాళీ ఉండాలి; వేలాడే కేబుళ్ళు, హోటల్ బోర్డులు ఎక్కడ తగులుతున్నాయో రాయండి. ప్రతి ఇంటి గేటు దగ్గరా కారు ఎక్కడానికి ఫుట్‌పాత్‌ని వాలు చేసుకుంటారు, అవి ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టండి. 700 మీటర్లలో ముప్ఫైసార్లు ఎక్కి దిగాల్సి వస్తే ఎవరు నడుస్తారు?

కరోనాకీ దీనికీ సంబంధం ఏమిటంటారా? మనిషి భుజాల వెడల్పు సుమారు 0.6 మీటర్లు తీసుకోండి. రెండు మీటర్ల ఎడం పాటిస్తూ ఇద్దరు ఎదురెదురుగా దాటాలంటే 0.6, 2, 0.6 కలిపి 3.2 మీటర్లు కావాలి. రూలు ప్రకారం కట్టిన 1.8 మీటర్ల ఫుట్‌పాత్ మీద కూడా కుదరదు. అందుకే 2020లో జనం ఫుట్‌పాత్ వదిలి రోడ్డు మీదికి దిగారు. రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి చెల్లింది. ట్రాఫిక్ తిరిగొచ్చాక కూడా కొందరు దిగే ఉన్నారు, ఎందుకంటే ఎక్కడానికి పైన ఏమీ లేదు. నాపరాయి గారు రెండు గడులు పెట్టమన్నది అందుకే. ఏ స్తంభం దగ్గర రోడ్డు మీదికి దిగుతున్నారో, అక్కడ నా టేపు కొలత ఎంత వచ్చిందో పక్కపక్కన పెట్టండి.

ట్రాక్ గురించి నా అభిప్రాయం అడగలేదు గానీ చెప్తాను. పార్కు ట్రాక్‌కి డబ్బు త్వరగా మంజూరవుతుంది, రిబ్బన్ కత్తిరించడానికి బాగుంటుంది. ఫుట్‌పాత్‌కి నీళ్ళవాళ్ళు, కరెంటువాళ్ళు, కేబుల్‌వాళ్ళు అందరూ రావాలి. సులువైనది అడగాలనే కోరిక మీ సంఘంలో ఉంటే దాన్ని "నడక పెరిగింది" అన్న మాటతో కప్పకండి.

---

మోకాలి చిప్ప:

ఫిజియో వైపు నుంచి చిన్న చేర్పు, సుబ్బడు గారి జవాబుకి. 2021లో ఫోన్ గ్రాఫుల్లో ఇంటి లోపలి నడక ఎక్కువ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. రెండో వేవ్‌లో ఇంట్లో ఉన్న కోవిడ్ రోగులకి ఆరు నిమిషాల నడక పరీక్ష చెప్పేవాళ్ళు. వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుని గదిలో ఆరు నిమిషాలు నడిచి, ఆక్సిజన్ 93 శాతం కంటే దిగినా, మొదటి అంకె కంటే 3కి మించి పడినా, ఆయాసం వచ్చినా డాక్టర్‌కి చెప్పాలని. అలాంటి నడక పని నడకా కాదు, వాహ్యాళీ కాదు.

మేడ మీద తిరిగేవాళ్ళకి: పదిహేను మీటర్ల మేడ మీద మూడు కిలోమీటర్లంటే రెండువందల మలుపులు. ఎప్పుడూ ఒకే వైపు తిరిగితే బయటి మోకాలి మీద బరువు పడుతుంది. చివర వెనక్కి గిరుక్కున తిరగకుండా ఎనిమిది అంకె ఆకారంలో నడిస్తే రెండు వైపులా సమానంగా పడుతుంది. ఇంటింటి సర్వేలో "మేడ మీద" అని ఒక గడి పెట్టండి, వీధి లెక్కలో వాళ్ళు ఎప్పటికీ కనిపించరు.

---

బ్రూక్‌ఫీల్డ్ బాటసారి:

అందరికీ ధన్యవాదాలు. ఇలా అనుకుంటున్నాం: వచ్చే నెల రెండు పనిరోజులు, ఒక శనివారం, ఒక ఆదివారం, మూడు చోట్ల చోటుకి ఇద్దరు, మధ్యలో మార్చడానికి ఇంకో ఆరుగురు. పార్కులో గేటు లెక్క. ఆ వారంలోనే టేపు కొలత, తర్వాత ఇంటింటి రెండు ప్రశ్నలు. "కరోనా వల్ల" అన్న మాట తీసేశాం, దాని మీద కూడా గంట గొడవైంది. ఒకటే మిగిలింది, ఉదయం 6 కంటే ముందు లెక్కపెట్టాలా? పార్కు 5కే తెరుస్తున్నారు.

---

నాపరాయి:

పార్కు గేటు దగ్గర 5 నుంచే పెట్టండి, పెద్దవాళ్ళు ఎక్కువగా ఆ గంటలోనే వస్తారు. స్టేషన్ దారిలో 5:30 చాలు. అపార్ట్‌మెంట్లకి ఇంటిపనికి వచ్చేవాళ్ళు, హౌస్‌కీపింగ్ షిఫ్టువాళ్ళు ఆరులోపే నడిచి వచ్చేస్తారు, మీ వాకర్లు గేటు దాటేసరికి వాళ్ళు లోపల ఉంటారు. ఆరింటికి మొదలుపెడితే "ఈ దారిలో ఎవరూ నడవరు" అనేవాళ్ళదే గెలుపు. చీకటిగా ఉంటుంది కాబట్టి వీధిదీపం కింద నిలబడండి, వెలగని దీపాల స్తంభం నంబర్లు కూడా అదే కాగితం వెనకవైపు రాసుకోండి.